మాట్లాడితే బాగానే ఉంది, మ్యూట్ నొక్కితేనే నెమ్మదిస్తోంది!

గత నెల ఈ శీర్షికలో 1998లో నేను చేసిన మొదటి ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు రాశాను. సికింద్రాబాద్‌లో రెండు గదుల కంపెనీ. ఫోనులో తెలుగు అంకెలు చెబితే గుర్తుపట్టే ప్రోగ్రాం. అందులోని లెక్కలు త్వరగా తేలడానికి ఇంటెల్ వాళ్ళ రికగ్నిషన్ ప్రిమిటివ్స్ లైబ్రరీ, అంటే వాళ్ళు ముందే రాసిపెట్టిన లెక్కల ఫంక్షన్ల కట్ట. శాంపిళ్ళ కోసం గొంతు అరువిచ్చిన మా అత్తగారు. రాసింది అరపేజీ, వచ్చిన ఉత్తరాలు సంచీడు. సగం మంది అత్తగారి గురించే అడిగారు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు లెక్కలు.

ప్రశ్న: మేడమ్, మాది ఫైనలియర్ ప్రాజెక్టు. తెలుగు మాటల్ని గుర్తుపట్టే ప్రోగ్రాం రాయాలి. మా గైడ్ సార్ ‘ప్రాసెసర్‌కి తగ్గట్టు తయారుచేసిన లైబ్రరీ వాడండి, ఫాస్టుగా ఉంటుంది’ అన్నారు. ఇంటెల్ వాళ్ళదే ఐపీపీ అనే లెక్కల లైబ్రరీ డౌన్‌లోడ్ చేశాం. అందులో మాటని గుర్తుపట్టే ఫంక్షన్ కోసం రెండు రోజులుగా వెతుకుతున్నాం, కనబడలేదు. మీరు వాడినదాంట్లో ఉండేదా? (ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: లేదు బాబూ, అందులోనూ ఉండేది కాదు. మీరు రెండు రోజులే వెతికారు, మేం వారం వెతికాం. పేరులోనే ‘రికగ్నిషన్’ అని ఉంది కదా, ఇక పని అయిపోయినట్టే అని మా యజమాని మిఠాయి కూడా తెప్పించారు.

ఇలాంటి లైబ్రరీ ఒక కత్తిపీట. పదునుంటే వంకాయలు త్వరగా తెగుతాయి. పులుసు పెట్టాలా, కూర వండాలా అన్నది దానికి తెలీదు. మీరు వండాల్సిన వంట ఇదీ: మైకు నుంచి సెకనుకు 16,000 అంకెలు వస్తాయి. వాటిని 25 మిల్లీసెకన్ల ముక్కలుగా, అంటే 400 అంకెల చొప్పున తీసుకుంటారు. ఒక ముక్క నుంచి తర్వాతి ముక్కకి 10 మిల్లీసెకన్లే జరుగుతారు కాబట్టి సెకనుకు 100 ముక్కలు. ఒక్కో ముక్కనీ సున్నాలతో 512 దాకా నింపి, 512 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీ అనే లెక్కకి ఇస్తే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో తేలుతుంది. దాన్ని మన చెవి వినే తీరుకి దగ్గరగా ఉండే మెల్ స్కేలులోకి మార్చి, లాగరిథమ్ తీసి, కుదించి 13 అంకెలు చేస్తారు. అవి ఎంత వేగంగా మారుతున్నాయి, ఆ వేగం ఎలా మారుతోంది అన్నవి కూడా చేర్చితే 39. ఈ 39నీ మీరు ముందే నేర్పి పెట్టుకున్న నమూనాలతో పోల్చి, ఏ మాట దారిలో నడిస్తే బాగా అతుకుతుందో వెతకాలి. లైబ్రరీ ఇచ్చేది ఎఫ్‌ఎఫ్‌టీ, గుణకారం, కూడిక, లాగరిథమ్, దూరం కొలవడం. నమూనాలు మీవి, గొంతులు మీవి, తప్పులు కూడా మీవే.

మరి లైబ్రరీ ఎందుకంటే లెక్కల బరువు వల్ల. మా అంకెల ప్రోగ్రాంలో 10 మాటలు, మాటకి 8 దశలు, దశకి 4 గాసియన్లు, అంటే గంట ఆకారపు నమూనాలు. మొత్తం 320. ఒక్కోదానికీ 39 సార్లు తీసివేత, వర్గం, గుణకారం, కూడిక. సెకనుకు 50 లక్షల చిల్లర లెక్కలు. మా పెంటియం ఎంఎంఎక్స్ ప్రాసెసర్ 233 మెగాహెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 23 కోట్ల టిక్కులు. దానికి 50 లక్షలు ఒక లెక్కా? అదే పెద్ద పదజాలం తీసుకుని 6,000 దశలు, దశకి 16 గాసియన్లు పెట్టి చూడండి. సెకనుకు దాదాపు 150 కోట్లు. అక్కడ ఒక్కొక్కటిగా తిప్పే మామూలు ఫర్ లూప్‌తో గడవదు. 1997 జనవరిలో వచ్చిన ఎంఎంఎక్స్‌లో 57 కొత్త ఇన్‌స్ట్రక్షన్లు, అంటే ప్రాసెసర్‌కి ఇచ్చే ఆజ్ఞలు, ఉండేవి. వాటిలో ఒకటి 16 బిట్ల అంకెల్ని నాలుగు జతలు ఒకేసారి గుణించి, రెండేసి చొప్పున కూడి ఇచ్చేది. గుర్తింపు లెక్కంతా గుణించడం, కూడటమే కాబట్టి ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ మీదే బండి నడిచేది. లైబ్రరీ రాసినవాళ్ళ గొప్పతనం ఏమిటంటే, ఆ ఇన్‌స్ట్రక్షన్లని ఏ వరుసలో పేరిస్తే ప్రాసెసర్ ఖాళీగా కూర్చోదో వాళ్ళకి తెలుసు, మనకి తెలీదు.

ఇప్పుడు నా సిగ్గు కథ. నెలరోజులు కూర్చుని ఆ లైబ్రరీని అతికించాం. లెక్కలకి పట్టే సమయం మూడో వంతుకి పడిపోయింది. సంబరంగా మా అత్తగారి చేత ఫోను చేయించాం. ఆవిడ ‘ఏడు’ అన్నారు. కాసేపు ఆగి, ‘ఏమిటే, ఇది ఉలకదు పలకదు’ అన్నారు. వెతికితే తేలిందేమిటంటే, మాట అయిపోయిందని నమ్మకం కుదరడానికి మా ప్రోగ్రాం 800 మిల్లీసెకన్ల నిశ్శబ్దం కోసం కాచుకుని కూర్చునేది. మేం నెలంతా కష్టపడి ఆదా చేసింది అందులో పదో వంతు కూడా లేదు. ఆ 800ని 400 చేశాం, ఒక్క నిమిషం పని. అప్పుడు ఇంకో గోల. కాగితం చూసుకుంటూ ఆగి ఆగి నంబరు చెప్పేవాళ్ళ మాట మధ్యలో తెగిపోయింది. చివరికి 500 దగ్గర రాజీపడ్డాం. ఇక ‘ఎనిమిది’ని ‘తొమ్మిది’గా, ‘మూడు’ని ‘ఏడు’గా వినడం లైబ్రరీ పెట్టాక కూడా మానలేదు. మునుపటికంటే త్వరగా తప్పు చెప్పేది, అంతే.

చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గారి పేరు మీరు వినే ఉంటారు, 1994లో కంప్యూటర్ శాస్త్రానికి ఇచ్చే ట్యూరింగ్ అవార్డు అందుకున్నవారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆయన బృందం 1976లో హార్పీ అనే ప్రోగ్రాంతో 1,011 మాటల్ని గుర్తుపట్టించింది. మీ చేతిలోని ఫోనుతో పోలిస్తే వాళ్ళ కంప్యూటర్ ఎందుకూ కొరగాదు. వాళ్ళు చేసింది, గెలిచే ఆశ లేని దారుల్ని మధ్యలోనే వదిలెయ్యడం. దాన్నే బీమ్ సెర్చ్ అంటారు, నేటికీ వాడుతున్నాం. చెయ్యక్కర్లేని లెక్కని మానెయ్యడం కంటే వేగమైన లైబ్రరీ ఇంకా పుట్టలేదు.

మీ పనికి వచ్చే ముక్కలు కొన్ని. ఐపీపీలో మాటల గుర్తింపుకని ఒక విడి విభాగం చాలా ఏళ్ళు ఉండేది, తర్వాత తీసేశారు. పాత పుస్తకాల్లో చూసిన పేర్లు కొత్తదాంట్లో దొరక్కపోతే మీ తప్పనుకోకండి. ఫంక్షన్ పేరు చివర 16ఎస్ అని ఉంటే 16 బిట్ల పూర్ణాంకాలు, 32ఎఫ్ అంటే 32 బిట్ల దశాంశాలు. ఎఫ్‌ఎఫ్‌టీ ఫలితాన్ని సీసీఎస్ పద్ధతిలో అడిగితే 512 అంకెలకి 514 తిరిగొస్తాయి. 512కే చోటు కేటాయిస్తే మిగిలిన రెండూ పక్కవాడి ఇంట్లో పడతాయి, ప్రోగ్రాం అరగంట తర్వాత ఎక్కడో సంబంధం లేనిచోట కూలుతుంది. అన్నిటికంటే ముందు, మామూలు లూపులతో నెమ్మదిదే ఒకటి రాసి దాచుకోండి. లైబ్రరీ ఇచ్చే జవాబు సరైనదో కాదో చెప్పడానికి మీకు వేరే సాక్షి లేదు.

ప్రశ్న: నమస్తే అండి. మీటింగుల్లో మాటల్ని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాను. విచిత్రమైన సమస్య. జనం మాట్లాడుతున్నంతసేపూ సీపీయూ 15 శాతం దాటదు. అందరూ మ్యూట్ నొక్కి కూర్చుంటే 100కి వెళ్తుంది, ఫ్యాన్ మోగిపోతుంది. పని లేనప్పుడు ఇంత పనేమిటి? లైబ్రరీ మార్చమని మా లీడ్ టెన్షన్ పెడుతున్నాడు. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ, విశాఖపట్నం)

జవాబు: ఈ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, మీ కష్టానికి కాదు, పాత స్నేహితుణ్ణి చూసినట్టు అనిపించి. మీ లైబ్రరీ జోలికి పోకండి. దోషం సున్నాది. సరిగ్గా చెప్పాలంటే, సున్నా కాలేక మిగిలిపోయిన అంకెలది.

గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉన్నా మైకులో కొంచెం బుస ఉంటుంది. మ్యూట్ నొక్కితే మాత్రం అచ్చమైన సున్నాలు వస్తాయి. మీ ప్రోగ్రాంలో ఎక్కడో ఒక ఫిల్టర్, కిందటి జవాబులో కొంత భాగాన్ని మళ్ళీ తనకే కలుపుకునేది, ఉండే ఉంటుంది. ఆ భాగం 0.95 అనుకోండి. లోపలికి సున్నాలే వస్తుంటే ప్రతి శాంపిల్‌కీ జవాబు 0.95 వంతు అవుతూ పోతుంది. 1తో మొదలుపెడితే దాదాపు 1,700 శాంపిళ్ళకి, అంటే 16 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనులో పదో వంతుకి, 32 బిట్ల దశాంశం మామూలుగా పట్టగలిగే హద్దు దాటి కిందికి పోతుంది. ఆ హద్దు దశాంశ బిందువు తర్వాత 37 సున్నాలు పెట్టి అంకె వేసినంత చిన్నది. దాని కింద ఉండేవాటిని డీనార్మల్ అంకెలు అంటారు. వీటి లెక్క చాలా ప్రాసెసర్లలో మామూలు దారిన జరగదు. లోపల మైక్రోకోడ్ అనే పక్కదారి పట్టాలి. ఒక్క గుణకారానికి నూటికి పైగా టిక్కులు పడతాయి.

పోనీ కాసేపటికి నిజంగా సున్నా అవుతుందా అంటే, కాదు. నాకు ఇందులో అన్నిటికంటే ముద్దొచ్చే ముక్క ఇదే. ఆ అట్టడుగున అంకెలు మెట్లు మెట్లుగా ఉంటాయి: 1 మెట్టు, 2 మెట్లు, అలా. 9 మెట్ల దగ్గరికి వచ్చాక 0.95తో గుణిస్తే 8.55. మెట్ల మధ్యలో పడ్డ అంకెని దగ్గరున్న మెట్టుకి చుట్టడం రివాజు కాబట్టి అది మళ్ళీ 9 అయిపోతుంది. మళ్ళీ గుణిస్తే మళ్ళీ 9. మీటింగు అయ్యేదాకా అక్కడే కూర్చుంటుంది, కదలదు, ప్రతిసారీ పక్కదారి పట్టిస్తుంది. అందుకే మ్యూట్ చేసినంతసేపూ ఫ్యాన్.

మందు చాలా చిన్నది. ప్రాసెసర్ లోపల సెట్టింగులు దాచుకునే ఎంఎక్స్‌సీఎస్ఆర్ అనే కంట్రోల్ రిజిస్టర్‌లో రెండు బిట్లు ఉంటాయి. ఎఫ్‌టీజెడ్ పెడితే ఇంత చిన్న జవాబుని సున్నా చేసేస్తుంది, డీఏజెడ్ పెడితే ఇంత చిన్న అంకె లోపలికి వచ్చినా సున్నాగానే చూస్తుంది. ఐపీపీలో వీటికి విడి ఫంక్షన్లే ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: ఆ రిజిస్టర్ ఒక్కో థ్రెడ్‌కీ, అంటే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే ఒక్కో పనికీ, వేరు. మెయిన్‌లో ఒకసారి పెట్టేసి చేతులు దులుపుకుంటే, లెక్కలు చేసే నాలుగు థ్రెడ్లూ పాత పద్ధతిలోనే నడవవచ్చు. ప్రతి థ్రెడ్ మొదలయ్యే చోటా పెట్టండి. కంపైలర్‌లో ఫాస్ట్ మ్యాథ్ ఆప్షన్ పెడితే అదే అయిపోతుంది కదా అని మీ టీములో ఎవరైనా అంటారు. అవుతుంది. దాంతోపాటు ‘ఈ జవాబు అంకేనా, కాదా’ అని మీరు రాసుకున్న పరీక్షల్ని కూడా కంపైలర్ ఎగరగొట్టేయవచ్చు. నేనైతే పెట్టను.

ఇంకో పాత చిట్కా ఉంది, వచ్చే సిగ్నల్‌కి వినిపించనంత చిన్న చప్పుడు కలపడం. కాల్డీ అనే ప్రసిద్ధ టూల్‌కిట్‌లో అది డిఫాల్టుగానే ఉంటుంది, డిదర్ అంటారు. సున్నాకి లాగరిథమ్ తీస్తే వచ్చే మైనస్ అనంతం బెడద కూడా దాంతోనే పోతుంది. మీ లీడ్ గారికి ముందు ఆ రెండు బిట్లు పెట్టి చూపించండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి. మా నాన్నగారి పురాణ కాలక్షేపం క్యాసెట్లు 42 ఉన్నాయి. మనవడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, విస్పర్ అనే దానితో అక్షరాలుగా మార్చడం నేర్పి అమెరికా వెళ్ళిపోయాడు. మీడియం మోడల్ అట. ఒక్కో టేపుకి రాత్రంతా పడుతోంది. షాపు అతను ఈ లాప్‌టాప్ పారేసి లక్ష రూపాయలది కొనమంటున్నాడు. మాది నాలుగు కోర్ల ఐ5, 8 జీబీ. బిల్లు జతచేశాను. (రేపల్లె)

జవాబు: మాస్టారూ, కొనకండి. బిల్లు పంపడం చాలా మంచిపని. అందులో ‘డీడీఆర్4 3200, 8 జీబీ ఒకటి’ అని ఉంది చూశారా? ఆ ‘ఒకటి’ దగ్గరే ఉంది కిటుకు.

మీ మనవడు పెట్టింది విస్పర్‌ని సీ++లో తిరగరాసిన విస్పర్.సీపీపీ అయి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా మామూలు ప్రాసెసర్ మీద పరిగెత్తేలా, ఒకేసారి చాలా అంకెల లెక్క చేసే ఏవీఎక్స్2 వంటి ఇన్‌స్ట్రక్షన్లు వాడుకుంటూ రాసినది. కాబట్టి కత్తిపీట పదునుగానే ఉంది. కూరగాయలు అందించేవాళ్ళే లేరు. మీడియం మోడల్ అంటే 76.9 కోట్ల అంకెలు, ఒక్కోదానికి 2 బైట్లు, మొత్తం ఒకటిన్నర జీబీ. విన్నదాన్ని అక్షరాలుగా రాసేటప్పుడు, ఒక్కో చిన్న ముక్క రాయడానికీ అందులో సగానికి పైగా మెమరీ నుంచి మళ్ళీ తెచ్చుకోవాలి. దాదాపు ఒక జీబీ అనుకోండి. మీ ఒక్క ర్యామ్ స్టిక్ సెకనుకు ఇవ్వగలిగింది మహా అయితే 25.6 జీబీ. అంటే సెకనుకు ఓ పాతిక ముక్కలు. ప్రాసెసర్ ఎంత చురుకైనదైనా అంతకు మించదు.

ఇక్కడ తెలుగువాళ్ళం కాబట్టి మనకి ఇంకో దెబ్బ. కంప్యూటర్ నిల్వచేసే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగు అక్షరానికి 3. అదీ మనం అక్షరం అనుకునేదానికి కాదు. మీరు పిల్లలకి నేర్పిన ‘స్త్రీ’ ఉంది కదా, అందులో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం, ఆరు ముక్కలు. ఆరు మూళ్ళు పద్దెనిమిది బైట్లు. విస్పర్ రాసేది బైట్ల గుంపుల లెక్కన. ఇంగ్లీషు మాటలు ఎక్కువ చూసింది కాబట్టి చాలా ఇంగ్లీషు మాటలకి ఒక్క ముక్క చాలు, మన మాటకి బోలెడు కావాలి. ప్రతి ముక్కకీ ఒక జీబీ మోయాలని ఇందాకే అనుకున్నాం. మీ నాన్నగారు ‘ధృతరాష్ట్రుడు’ అన్నప్పుడల్లా ఆ లాప్‌టాప్ ఎంత మోస్తోందో ఊహించుకోండి.

చెయ్యాల్సిన వరుస చెబుతాను. మొదటిది, పైసా ఖర్చు లేనిది: 5 బిట్లకి కుదించిన మీడియం మోడల్ దొరుకుతుంది, ఒకటిన్నర జీబీ అర జీబీ దరిదాపులకి దిగుతుంది. మోత మూడో వంతు అవుతుంది, రాతలో తేడా మీరు కనిపెట్టడం కష్టం. రెండోది, మీ మనవడు థ్రెడ్లు 8 పెట్టి వెళ్ళాడేమో చూడండి. మీకున్నవి 4 కోర్లు, 4 పెట్టి ఒకసారి, 8 పెట్టి ఒకసారి అదే అయిదు నిమిషాల ముక్కని నడిపి, చేతి గడియారంతో చూడండి. మూడోది, లాప్‌టాప్‌లో రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉందేమో అడిగి, ఉంటే సరిగ్గా అలాంటి 8 జీబీ స్టిక్ ఇంకొకటి వేయించండి. జీబీలు పెరుగుతాయని కాదు, రెండు దారులు తెరుచుకుని 25.6 కాస్తా 51.2 అవుతుంది. లక్ష రూపాయల అవసరం లేదు.

టేపు మొదట్లో, చివర్లో మాటల్లేని బుస ఉంటుంది కదా, దాన్ని కత్తిరించండి. మాట లేనిచోట విస్పర్ ఊరుకోదు, తోచిన వాక్యం కల్పించి దాన్నే పదిసార్లు రాస్తుంది. ఒక నిజం కూడా చెప్పాలి. తెలుగులో విస్పర్ అంత గట్టిది కాదు, సంస్కృత సమాసాలకి మరీ తడబడుతుంది. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ బృందం మన భాషల మీదే నేర్పించిన మోడళ్ళు ఉచితంగా ఇస్తోంది. మనవడికి ఫోను చేసినప్పుడు అవి కూడా పెట్టించుకోండి. ఒకే పేజీని రెండింటి చేతా రాయించి, ఎర్రసిరా కలం పట్టుకుని మీరే దిద్ది మార్కులు వెయ్యండి. ఆ పని మీకంటే బాగా ఎవరు చెయ్యగలరు?

ప్రశ్న: మేడమ్, మా స్కూలు ల్యాబులో పిల్లల ఉచ్చారణ పరీక్షించే ప్రోగ్రాం పెట్టాను. ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. స్కూల్లో ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని చెప్పి ఆగిపోతోంది. ఆ మాట చూసి హెడ్మాస్టరు గారు కంగారుపడి మెయిన్ స్విచ్ ఆపించేశారు. (హనుమకొండ)

జవాబు: పోలీసులు రారని ఆయనకి చెప్పండి. ప్రాసెసర్‌కి తెలియని ఆజ్ఞ వచ్చిందని దాని అర్థం. ల్యాబులోవి పెంటియం జీ4400 అని రాశారు. అవి 2015 నాటివి, మీ ప్రోగ్రాం వాడుతున్నట్టున్న ఏవీఎక్స్ ఆజ్ఞలు వచ్చినవి 2011లో. అయినా పెంటియం, సెలెరాన్ పేరున్న చవక చిప్పుల్లో చాలా ఏళ్ళపాటు ఏవీఎక్స్ ఇవ్వలేదు. మీ ఇంటి కంప్యూటర్ మీద దాని కోసమే కంపైల్ చేసింది అక్కడ నడవదు. ల్యాబు మెషీన్ మీదే మళ్ళీ కంపైల్ చెయ్యండి, లేదా నడిచేటప్పుడు ప్రాసెసర్‌ని చూసి తగిన కోడ్ ఎంచుకునే లైబ్రరీ తీసుకోండి. ఐపీపీ అలాంటిదే. ఓపెన్‌బ్లాస్ అనే లెక్కల లైబ్రరీని కూడా ఆ పద్ధతిలో కట్టుకోవచ్చు. నెమ్మదిగా నడుస్తుంది, కానీ నడుస్తుంది.

ప్రశ్న: అక్కా, మా ఆవిడ లాప్‌టాప్ ఏఎండీది. ఇంటెల్ లైబ్రరీలు ఏఎండీ మీద కావాలని నెమ్మదిగా నడుస్తాయని మా ఆఫీసులో అంటారు. నిజమేనా, పుకారా? (ఆస్టిన్, టెక్సాస్)

జవాబు: పుకారు కాదు తమ్ముడూ. ఈ లైబ్రరీలు మొదలవ్వగానే ప్రాసెసర్‌ని ‘నువ్వెవరు, నీకేం వచ్చు’ అని అడుగుతాయి. ఏం వచ్చో అడగడం న్యాయం. ఎవరో అడిగి, ఇంటెల్ అని జవాబు రాకపోతే పాత, నెమ్మది దారికి పంపడం మీదే గొడవంతా. డెన్మార్క్‌కి చెందిన ఆగ్నర్ ఫాగ్ దీన్ని కూలంకషంగా పరీక్షించి బయటపెట్టాడు. 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన రాజీలో, తమ కంపైలర్ ఇతరుల ప్రాసెసర్ల మీద ఇలా చేస్తుందని ఇంటెల్ జనానికి తెలియజెప్పాలన్న షరతు కూడా ఉంది. ఇంటెల్ వాళ్ళ ఎంకేఎల్ లైబ్రరీలో ఒక దాపుడు సెట్టింగ్‌తో ఏఎండీ వాడేవాళ్ళు ఆ అడ్డు దాటుకునేవాళ్ళు, 2020లో అదీ తీసేశారు.

నన్నడిగితే ఓపెన్‌బ్లాస్ వాడి చూడండి. అది ఎక్కడి విత్తనమో తెలుసా? మీ ఊరిదే. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో కజుషిగె గోటో అనే ఆయన మాత్రికల గుణకారాన్ని ఒక్కో ప్రాసెసర్‌కీ చేత్తో అసెంబ్లీలో రాశాడు. దాని పేరు గోటోబ్లాస్. ఆయన ఆపేశాక చైనాలో జాంగ్ షియాన్యి బృందం 2011లో దాన్ని ఓపెన్‌బ్లాస్‌గా కొనసాగించింది. రెండు లైబ్రరీలతోనూ మీ ప్రోగ్రాంనే నడిపి చూసుకోండి. ఎవరో పెట్టిన పట్టికలో ఏది గెలిచిందన్నది మీ ఆవిడ లాప్‌టాప్‌కి అనవసరం.

ప్రశ్న: గత నెల మీరు ‘ఎంఎంఎక్స్‌తో ఎనిమిది కొత్త రిజిస్టర్లు వచ్చాయి’ అని రాశారు. తప్పు. సరిచెయ్యగలరు. (మౌలాలి, హైదరాబాద్)

జవాబు: తప్పే. లెంపలేసుకుంటున్నాను, అందులోనూ ఆ తప్పు నేను రాయకూడదు. అవి కొత్తవి కావు. దశాంశాల లెక్కలకి అంకెలు పెట్టుకునే, ప్రాసెసర్ లోపలి పాత రిజిస్టర్లకే ఇంకో పేరు పెట్టారు. కొత్తవి పెడితే అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లని మార్చాల్సి వచ్చేది. ఎంఎంఎక్స్ పని అవగానే ‘ఇక మీ చోటు మీకు వదిలేస్తున్నాం’ అని ఈఎంఎంఎస్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వాలి. 1998లో నేను సొంతంగా రాసిన ఒక లూపు చివర అది మర్చిపోయాను. తర్వాత వచ్చే దశాంశాలన్నీ అంకెలే కాకుండా పోయాయి. తప్పు ఒక ఫైలులో, లక్షణం ఇంకో ఫైలులో. మూడు రాత్రులు పట్టింది. 1999లో పెంటియం 3తో వచ్చిన ఎస్‌ఎస్‌ఈ అనే కొత్త ఇన్‌స్ట్రక్షన్ల గుంపుకి 128 బిట్ల సొంత రిజిస్టర్లు ఇచ్చారని చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ప్రశ్న: మీ అత్తగారి రికార్డింగులు ఇంకా ఉన్నాయా అండి? (నంద్యాల, ఖమ్మం, తణుకు, బెంగుళూరు, ఇంకా చాలామంది)

జవాబు: ఉన్నాయి. కంపెనీ మూతపడ్డప్పుడు ఒక సీడీ ఇంటికి తెచ్చుకున్నాను. అది పాడవకముందే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి చెప్పించేదాన్ని. రోజుకి వంద అంకెలు, కూలి ఒక వక్కపొడి పొట్లం. కొన్నిటిలో కుక్కర్ కూతలున్నాయి, కొన్నిటిలో పక్కింటి రేడియో.

కిందటి వారం వాటిని ఈ కాలపు మోడల్ ఒకదానికి వినిపించాను. ‘ఎనిమిది’ని ఎనిమిదే అంది. ‘ఏడు-113’ అని నేను పేరు పెట్టుకున్న ఫైలులో ఆవిడ ‘ఏడు. ఇంక చాలే అమ్మాయ్, స్టవ్ మీద పాలున్నాయి’ అన్నారు. 1998లో మా ప్రోగ్రాం దాన్ని ‘తొమ్మిది’ అని రాసుకుంది. కొత్తది పాల దాకా అంతా రాసింది. అమ్మాయ్‌ని మాత్రం ‘అమ్మయ్య’ చేసింది.